ముసలితనం అని రాయండి

చిలకలూరిపేటలో ఒక చిన్న ఆసుపత్రి, మూత్రవ్యాధుల డాక్టరు మెహర్ గది. మిరపకోతల ముఠా మేస్త్రీ యేసుపాదం పంచె పక్కన గొట్టానికి తగిలించిన ప్లాస్టిక్ సంచి వేలాడేసుకుని, ఎప్పుడెప్పుడు బయటపడదామా అని కుర్చీ అంచున కూర్చున్నాడు. పక్కన అతని పెళ్ళాం కొండమ్మ. ఆసుపత్రికి వచ్చి ఇది మూడో రోజు, ముగ్గురికీ ఓపిక అయిపోయింది.

"ముసలితనం అని రాయండమ్మా. రాసేసి ఈ గొట్టం తీసెయ్యండి. మేం పోతాం."

"ముసలితనం అని రాయడానికి డాక్టరెందుకండీ? దారిన పోయేవాళ్ళు కూడా రాస్తారు. మూత్రం ఎందుకు ఆగిపోయిందో నేను రాయాలి."

"అరవై ఎనిమిదేళ్ళు నాకు. అందుకు ఆగిపోయింది."

"అరవై ఎనిమిదేళ్ళూ శుక్రవారం ఒక్కరోజే వచ్చాయా? గురువారం దాకా పోశారు కదా?"

"చూశావా కొండమ్మా ఎట్టా మాట్లాడుతుందో? మగ డాక్టరు దగ్గరికి పోదామన్నానా లేదా?"

"నన్నంటావేంది? ఆటోలో మెలికలు తిరిగిపోతా అరుస్తుంటివి. కనపడ్డ బోర్డు దగ్గర ఆపించా. ఆడా మగా అని చూసే తీరిక యాడుంది?"

"యేసుపాదం గారూ, ఆ రోజు మీకు తొమ్మిది వందల ఎం.ఎల్. తీశాం. దాదాపు లీటరు. గొట్టం వేసింది నేనే. అప్పుడు నాకు రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టారు."

"నొప్పికి పెట్టా. మీకు కాదు."

"సరే, నాకొద్దు మీ దణ్ణం. జవాబులు చెప్పండి చాలు. నేను అడిగేవి ఏడే ప్రశ్నలు. మూడు రోజులుగా ఒక్కదానికీ సరిగ్గా చెప్పలేదు. పోసేటప్పుడు ధార ఆగి ఆగి వస్తుందా?"

"లేదు."

"సన్నగా వస్తుందా?"

"లేదు."

"ముక్కాల్సి వస్తుందా?"

"లేదు."

"పోసి వచ్చాక ఇంకా మిగిలిపోయినట్టు..."

"లేదు, లేదు. అన్నిటికీ లేదని రాసుకోండి."

"రాత్రిళ్ళు ఎన్నిసార్లు లేస్తారు?"

"ఒకసారి."

"ఆరుసార్లు."

"నిన్నడగలా కొండమ్మా."

"ఆరుసార్లు డాక్టరమ్మా. ఒక్కో రాత్రి ఏడు. పోయినవాడు పోయినట్టు రాడు, పావుగంట నిలబడతాడు. నేను పక్కన పడుకుని లెక్కపెట్టుకుంటా ఉంటా."

"నోరుముయ్యి."

"మూసుకునే ఉన్నాగా ఇన్నాళ్ళూ. ఏమైంది? ఇక్కడ తేలాం."

"ఎన్నాళ్ళ నుంచి ఇలా ఉందమ్మా?"

"రెండేళ్ళు. మొదట్లో మూడుసార్లు లేచేవాడు. ఈ ఏడు మరీ ఎక్కువైంది. మధ్యాహ్నం నుంచి నీళ్ళు తాగడం కూడా మానేశాడు, రాత్రి లేవాల్సి వస్తుందని."

"ఎండలో మిరపచేలో నిలబడి నీళ్ళు మానేశారా? భలే తెలివండీ. రెండేళ్ళలో ఒక్కసారైనా డాక్టరుకి చూపించాలని అనిపించలేదా?"

"ఏమని చూపించను? కాలు విరిగిందా, చెయ్యి విరిగిందా? ఉచ్చ రావట్లేదయ్యా అని ఊరూరా తిరిగి చెప్పుకోనా?"

"ఊరూరా అక్కర్లేదు. ఒక్కచోట చెప్తే చాలు. నా దగ్గరికి రోజూ పదిమంది వస్తారు ఇదే చెప్పుకోవడానికి. అందరూ మీ వయసువాళ్ళే."

"వాళ్ళకి సిగ్గులేదేమో."

"వాళ్ళకి గొట్టం కూడా లేదు."

"అమ్మా, నా మనవరాలంత లేరు మీరు. మాట జాగర్త."

"మనవరాలంత ఉంటే ఇంకా గట్టిగా అనేదాన్ని. నిన్న వేలితో పరీక్ష చేశాను కదా..."

"ఆ సంగతి ఎత్తమాక తల్లీ. దీని ముందు అసలు ఎత్తమాక."

"ఎత్తాలి. వినాల్సింది ఆమే. అమ్మా, పొట్టలో మూత్రం నిలిచే మూత్రసంచి కింద ప్రోస్టేట్ అని మగవాళ్ళకి ఒక గ్రంథి ఉంటుంది. వయసుతో అది పెరిగి దారిని నొక్కుతుంది. ఈయనకీ పెరిగింది. మెత్తగా ఉంది, నా వేలికి రాయిలా ఏమీ తగల్లేదు. అది నయం. కానీ ఇంత గ్రంథితో ఈ పేటలో ఎంతోమంది తిరుగుతున్నారు, చిన్నగానో సన్నగానో పోసుకుంటున్నారు. ఈయనకి మాత్రం ఒక్క పూటలో పూర్తిగా ఎందుకు ఆగింది? ఏదో ఒకటి తోడైంది. అది నాకు దొరకట్లేదు."

"అయితే మీకు చేతకాలేదని రాయండి."

"రక్తం ఇవ్వమంటే ఇవ్వరు. నేను అడిగేదానికి చెప్పరు. నాకు దివ్యదృష్టి ఉందా?"

"ఇవ్వను."

"కిడ్నీలు దెబ్బతిన్నాయేమో చూడాలండీ. చెంచాడు రక్తం. నిన్న నర్సు వస్తే సూదిని చేత్తో కొట్టేశారట."

"కొట్టా. మళ్ళీ వస్తే మళ్ళీ కొడతా."

"సూదంటే భయమా?"

"నాకా? పత్తికాయ గీరుకుంటే ఇంతకన్నా ఎక్కువ రక్తం పోతుంది మాకు. భయం కాదు. ఇవ్వనంతే."

"మరి ఎందుకు?"

"అది సరే గానీ, ఆ రక్తంలో మీకేం కనపడతాయి?"

"చాలా కనపడతాయి."

"చాలా అంటే? మనిషి తిన్నదీ తాగిందీ కూడా కనపడుతుందా?"

"ఎందుకడుగుతున్నారు? మందు తాగుతారా?"

"చుక్క ముట్టను. మా చర్చి సంఘంలో పెద్దని నేను. ప్రభువు బల్ల దగ్గర రొట్టె పట్టుకునేవాణ్ణి."

"మరి ఏం కనపడుతుందని భయం?"

"ఏం లేదు. ఊరికే అడిగా. ఇవ్వను."

"కొండమ్మ గారూ, మీరైనా చెప్పండి."

"నా మాట వింటాడా ఈయన? పన్నెండు రోజులైంది మేం మాట్లాడుకుని."

"పన్నెండు రోజులా? ఎందుకు?"

"చెప్పమాక కొండమ్మా, అది మా ఇంటి సంగతి. ఉచ్చ డాక్టరుకి ఎందుకు?"

"యేసుపాదం గారూ, ఇక నాకూ ఓపిక లేదు. సూటిగా చెప్తా వినండి. సోమవారం మీరు కోతకి పోవాలన్నారు."

"పర్చూరు పక్కన రెండో కోత. వినుకొండ నుంచి ముప్ఫైమంది ఆడకూలీలు నన్ను నమ్మి వచ్చారు. నేను పోకపోతే ప్రకాష్ తీసుకుపోతాడు ముఠాని. రెండేళ్ళుగా కాచుకుని ఉన్నాడు వాడు. నా కిందే పని నేర్చుకున్నాడు."

"సంచి కట్టుకుని పోవచ్చు. చాలామంది పోతారు."

"ఉచ్చసంచి కట్టుకుని ఆడకూలీల ముందు నిలబడితే రేపటి నుంచి నన్ను మేస్త్రీ అంటారా? నలభై ఏళ్ళు అనిపించుకున్నా ఆ మాట."

"అయితే వినండి. దారి వదులయ్యే మాత్ర మూడు రోజులుగా ఇస్తున్నాం. ఆగడానికి కారణం ఇదీ అని తెలిసి, అది మళ్ళీ జరగదని నాకు నమ్మకం కుదిరితే, ఈ మధ్యాహ్నమే గొట్టం తీసి చూస్తా. మీరు పోస్తే సోమవారం పోవచ్చు. కారణం తెలియకపోతే మాత్రం తియ్యను. గుంటూరు పెద్దాసుపత్రికి రాసి పంపిస్తా, సంచితో సహా. వాళ్ళు ఆపరేషనే చేస్తారో, నెల పడుకోబెడతారో వాళ్ళిష్టం."

"బెదిరిస్తున్నారా?"

"అవును. మంచిగా అడిగితే చెప్పట్లేదుగా."

"ఏం కావాలి మీకు?"

"ఈ పదిహేను రోజుల్లో కొత్తగా ఏం మింగారు?"

"ఏమీ లేదు."

"బీపీ బిళ్ళలు?"

"నాకు బీపీ లేదు."

"నిద్రకి?"

"లేదు."

"నాటుమందు, పసరు, ఏదైనా?"

"లేదంటే లేదు."

"జలుబుకి? తుమ్ములకి?"

"నాకు తుమ్ములేంది? పుట్టింది మొదలు మిరపకాయల్లో బతుకుతున్నా. ఆ ఘాటు నన్నేం చేస్తుంది? కొత్తగా వచ్చిన ఆడపిల్లలకి వస్తాయి తుమ్ములు."

"వాళ్ళకేం ఇస్తారు?"

"ఆదాం అని మా ఊరి ఆరెంపీ డాక్టరు ఉన్నాడు. కోతలకి బయల్దేరేటప్పుడు ముఠాకి ఒక డబ్బాడు బిళ్ళలిస్తాడు. తుమ్ముల బిళ్ళలు. ఎవరికి కావాలంటే వాళ్ళు తీసుకుంటారు."

"మీరు తీసుకున్నారా?"

"లేదని చెప్తున్నాగా."

"గట్టిగా ఆలోచించండి. ఎందుకంటే ఆ బిళ్ళ అందరికీ ఒకటి కాదు. కుర్రవాళ్ళకి ముక్కు కారడం ఆపుతుంది, మత్తుగా పడుకోబెడుతుంది, అంతే. మీలా గ్రంథి పెరిగినవాళ్ళకి మూత్రసంచి పిండుకునే బలం తీసేస్తుంది. దారి ముందే ఇరుకు, ఇక బలమూ పోతే ఆగిపోతుంది. మిరప సీజన్లో నాకిలాంటివాళ్ళు ఏటా వస్తారు. ఈ ఏడు ఇప్పటికే ముగ్గురు. అందుకే ఇంతగా అడుగుతున్నా."

"నేను తినలా."

"కొండమ్మ గారూ, ఎక్కడికి లేచారు?"

"మంచినీళ్ళు తాగొస్తా."

"ఇక్కడే ఉన్నాయి సీసాలో. కూర్చోండి."

"ఆ బిళ్ళ... అంత చిన్న బిళ్ళ, అంత పని చేస్తుందా డాక్టరమ్మా?"

"ఎన్ని వేసుకున్నారన్నదాన్ని బట్టి."

"మూడు."

"మూడు ఎవరు వేసుకున్నారమ్మా?"

"నేనే."

"మీరా? యేసుపాదం గారూ, ఇందాక లేదన్నారు కదండీ."

"మర్చిపోయా. ముసలితనం అంటున్నా కదా. ఇప్పుడు గుర్తొచ్చింది. నేనే డబ్బాలోంచి తీసుకుని మింగా. రాసుకోండి. కారణం దొరికింది కదా, తీసెయ్యండి గొట్టం."

"ఏ రంగు బిళ్ళ?"

"రంగేంది?"

"మీరు మింగింది ఏ రంగు?"

"తెల్లగా."

"ఎంత ఉంటుంది?"

"ఇంత. పెద్దదే. గొంతులో అడ్డంపడుతుంది."

"కొండమ్మ గారూ, ఏ రంగు?"

"పచ్చగా ఉంటుంది. కందిపప్పు బద్దంత."

"నువ్వూరుకోవే."

"ఈయనకి రంగు తెలియదు, మీకు తెలుసు. ఇప్పుడు ఎవరు చెప్తారు నాకు?"

"ఎవరూ చెప్పరు. పద కొండమ్మా. కాగితం అక్కర్లా, ఏం అక్కర్లా. గొట్టంతోనే పోదాం."

"కూర్చో."

"పద అంటున్నానా లేదా?"

"కూర్చో నువ్వు. పన్నెండు రోజుల నుంచి లోపలే పెట్టుకుని ఉన్నా. నువ్వు ఆ రోజు నోరు తెరిచి ఒక్క మాట చెప్పి ఉంటే ఇదంతా ఎందుకొచ్చేది?"

"ఇక్కడ ఎత్తమాక ఆ సంగతి. పరాయి మనిషి ముందు."

"ఎత్తుతా. డాక్టరమ్మా, కోతలకి పోతే మేమందరం ఒక్కచోటే పడుకుంటాం. ఈసారి రైతు పాత పొగాకు బేరను ఖాళీ చేసిచ్చాడు. పొగాకు కాల్చే కొట్టం కదా, కిటికీ ఉండదు. కళ్ళు పొడుచుకున్నా కనపడదు. తలుపు ఒక్కటే. ముప్ఫైమంది ఆడాళ్ళు వరసగా పడుకుంటారు, మేమిద్దరం లోపలి మూలన, బియ్యం మూటలూ సామానూ దగ్గర. ఈయన బయటికి పోవాలంటే అందరి మధ్యలోంచి పోవాలి. ఆరుసార్లు పోవడం, ఆరుసార్లు రావడం."

"లైటు వేసుకోకుండానా?"

"వేసుకోడు. వేసుకుంటే లేచాడని అందరికీ తెలుస్తుందిగా. తడుముకుంటా పోతాడు. అట్టా పోయి ఒక రాత్రి హెలెన్ కాలు తొక్కాడు. కొత్తగా పెళ్ళయిన పిల్ల. అది కెవ్వుమని అరిచింది. ఇంకేముంది, తెల్లారేసరికి ప్రకాష్ కథ తయారుచేశాడు. మేస్త్రీ రోజూ రాత్రిళ్ళు ఆడాళ్ళ మధ్య తడుముకుంటా తిరుగుతున్నాడని."

"వాడి నోరు పడిపోను."

"వాడి నోరు సరే, నీ నోరేమైంది? బైబిలు తెచ్చి అందరి ముందూ పెట్టాడు డాక్టరమ్మా. దీని మీద చెయ్యేసి చెప్పు, ఎందుకు లేచావ్ అన్నాడు. ఈయన చెప్పలా. తలొంచుకుని నిలబడ్డాడు, తప్పు చేసినోడి మాదిరి."

"ఉచ్చకి లేచానని చెప్పా."

"సణిగావ్. ఎవరికీ వినపడలా."

"వినపడింది. రాత్రికి ఆరుసార్లు ఎవరు లేస్తార్రా అని వాడే అడిగాడు. లేచి పావుగంట బయటేం చేస్తున్నావ్ అన్నాడు. ఏం చెప్పమంటావ్? రావట్లేదురా, గోడ పట్టుకుని నిలబడి ఏడుస్తున్నానురా అని చెప్పమంటావా? ముప్ఫైమంది ఆడాళ్ళ ముందు? రేపు నా మాట ఎవరు వింటారు?"

"ఆడాళ్ళ మీద చెయ్యేశాడనిపించుకోవడం కన్నా అది నయం కాదా?"

"నాకు కాదు."

"అదిగో. అదీ ఈయన సంగతి."

"నువ్వు మాత్రం? అక్కడే నిలబడి ఉన్నావుగా. నా పెళ్ళానివి. నువ్వన్నా ఒక్క మాట అన్నావా? అందరూ నన్నే చూస్తుంటే నువ్వు తల తిప్పుకున్నావ్. ఆ రోజు నుంచి నాతో పలకలా. కంచం పెట్టేదానివి, పోయేదానివి."

"ఒళ్ళు మండిపోయింది నాకు. నువ్వే చెప్పుకోనిదాన్ని నేనెట్టా చెప్పను? చెబితే ఆ రాత్రికి నన్ను బతకనిస్తావా?"

"అమ్మా, ఆగండి. బిళ్ళల సంగతి చెప్పండి."

"హెలెన్ మొగుడు, వాడి తమ్ముడు వచ్చారు డాక్టరమ్మా మర్నాడు. ఇంకొక్కసారి రాత్రి లేచినట్టు తెలిస్తే చేలో కట్టేసి కొడతామన్నారు. ఈయన లేవకుండా ఉండలేడు. నాకేం తోచలా. మా ఆడాళ్ళు ఆ తుమ్ముల బిళ్ళ ఒకటి వేసుకుంటేనే పట్టపగలు మడిలో తూలతారు. మూడేస్తే తెల్లార్లూ పడుకుంటాడు గదా అనుకున్నా. నలిపి మజ్జిగలో కలిపా. పడుకున్నాడు. ఆరుసార్లు లేచేవాడు రెండుసార్లయింది, రెండు ఒకటయింది. ప్రభువా, మంచిదే చేశా అనుకున్నా. తొమ్మిది రాత్రులు ఇచ్చా. ఆయన లేవకుండా చేశా అనుకున్నా గానీ లోపల మూసేశానని నాకేం తెలుసు? నేనే చేశా డాక్టరమ్మా. నా మీద రాయండి."

"ఎవరి మీదా రాయనమ్మా. ఏడవకండి. బిళ్ళ ఆగి మూడు రోజులైంది, మూత్రసంచి మళ్ళీ పనిచేస్తుంది. గొట్టం ఈ మధ్యాహ్నం తీద్దాం. యేసుపాదం గారూ, విన్నారా? తీద్దాం అంటున్నా."

"తుమ్ముల బిళ్ళా?"

"ఏంటండీ?"

"మిమ్మల్ని కాదు. కొండమ్మా, తుమ్ముల బిళ్ళా?"

"చెప్పానుగా."

"తుమ్ముల బిళ్ళేనా? ఇంకేం కాదుగా?"

"ఇంకేం ఉంటుంది?"

"నిజం చెప్పు."

"నిజమే చెప్తున్నా. మూడు తుమ్ముల బిళ్ళలు, గ్లాసుడు మజ్జిగ, కాస్త ఉప్పు. ఉప్పు ఎక్కువేసేదాన్ని, నీకు తెలియకూడదని."

"యేసుపాదం గారూ, ఈ నీళ్ళు తాగండి ముందు. ఆ బిళ్ళ నలిపితే బాగా చేదుగా ఉంటుంది. ఉప్పేసినా తెలియాలే. మీకు తెలియలేదా?"

"తెలిసింది."

"ఎప్పుడు?"

"మొదటి రాత్రే."

"మొదటి రాత్రే తెలిస్తే నన్నడగలేదేం?"

"ఏమని అడగను? లైటు ఆర్పకముందు ఆ మూలన రైతు పురుగుమందు డబ్బాల పక్కన కూర్చుని, నా వైపు వీపు పెట్టి కలుపుతున్నావ్. రోజూ అక్కడే కూర్చునేదానివి. చూస్తా పడుకునేవాణ్ణి."

"ఎవరూ చూడకుండా ఉండాలని ఆడ కూర్చున్నానయ్యా... ఆగు. ఏమనుకున్నావ్ నువ్వు?"

"రోజూ కాస్త కాస్త పోస్తున్నావనుకున్నా. శుక్రవారం ఉచ్చ ఆగిపోయేసరికి, అయింది పని అనుకున్నా."

"అందుకా యేసుపాదం గారూ, రక్తం ఇవ్వనన్నది?"

"కనపడితే మీరు పోలీసులకి చెప్తారు గదమ్మా. దీన్ని పట్టుకుపోతారు."

"పురుగుమందనుకున్నావా? నేను నీకు... తొమ్మిది రాత్రులు నా చేతిలోంచి తీసుకుని, నా మొహం చూస్తా, గ్లాసు ఖాళీ చేసి ఇచ్చావ్. అది పురుగుమందనుకుని ఎట్టా తాగావయ్యా?"

"నువ్వు కూడా ప్రకాష్ మాట నమ్మావనుకున్నా కొండమ్మా."